మక్కు మొదలు బంపరు దాక: తిరువూరు దారిని రంగుపనివారు

విజయవాడకు చేరువనున్న ఇబ్రహీంపట్నమున మొదలై, కొండపల్లి కొండల పాదము నొరసికొని, మైలవరము దాటి తిరువూరు చేరి, అటనుండి తెలంగాణపు పొలిమేర మీరి కొత్తగూడెము, భద్రాచలముల మీదుగా జగదల్‌పురమునకును, అటుపై హిమాలయ పాదసీమలందలి సితార్‌గంజ్ వరకును సాగిపోవు 30వ జాతీయ రహదారి, మొన్నమొన్నటి దాక 221వ సంఖ్యతో వ్యవహరింపబడుచుండెను. సంఖ్య మారినను దారి మారలేదు; దారిని నమ్ముకొని బ్రతుకు వృత్తులును మారలేదు. వేసవిలో నూజివీడు, విస్సన్నపేట, తిరువూరు తోటల మామిడికాయలతోను, తక్కిన కాలమున బొగ్గుతోను ధాన్యముతోను బరువెక్కి పోవు లారీల వెంబడి, చక్రములకు గాలి కొట్టువారు, సొట్టపడిన రేకులను సరిచేయు టింకరింగు పనివారు, రంగులు వేయు పెయింటరు మేస్త్రీలు రహదారి కిరుప్రక్కల జీవించుచున్నారు. నూజివీడు జమీందారులను గూర్చియు, కొండపల్లి దుర్గమును గూర్చియు వ్రాసినవారు పలువురు కలరు గాని, బండికి రంగు వేయువాని పూర్వోత్తరములను విచారింప పూనుకొన్నవారు అరుదు.

చిరకాలము కృష్ణా జిల్లాలో నుండి, 2022 ఏప్రిల్ 4వ తేదీనుండి ఎన్టీఆర్ జిల్లాకు చెందిన ఈ తిరువూరులో నేడొక యువకుడు, కారు ముందరి ప్లాస్టిక్ బంపరు ప్రహరీగోడకు రాచుకొని రంగు లేచిపోగా, దానిని స్వహస్తములతో సరిచేసికొందమని ఉప్పు కాగితమును, రంగు డబ్బాను కొని తెచ్చుకొనుట విడ్డూరము కాదు. ఆతడు తెలియకయే చేపట్టునది ఈ దారి వెంబడి శతాబ్దులుగా సాగుచున్న యొక విద్య. ఆ విద్యలో రంగుకన్న రంగు క్రింది పూత ప్రధానము. ఆధారద్రవ్యము మారినప్పుడెల్ల ఆ క్రిందిపూత రహస్యమును మొదటినుండి మరల నేర్వవలసి వచ్చినది. కొయ్య పోయి ఇనుము వచ్చినప్పుడు ఒకమారు, ఇనుము పోయి ప్లాస్టిక్ వచ్చినప్పుడు మరియొకమారు, చేయి తిరిగిన మేస్త్రి సైతము కొత్తగా బడిలో చేరిన బాలుడైనాడు.

కొయ్య సంగతి తెలియగోరువారు కొండపల్లి బొమ్మలకాలనీలో ఒక్క పూట కూర్చుండిన చాలును. అచ్చటి శిల్పులు తెల్లపొణికి కొయ్యను ముందు సన్నని సెగపై ఆరబెట్టి, అందలి తేమను పోగొట్టుదురు. పొణికి మిక్కిలి తేలికైన కొయ్య. పచ్చిగా నున్నప్పుడు చెక్కిన బొమ్మ ఆరినకొలది బీటలు వారును. ఏనుగు అంబారీయైనను, తాటిచెట్టెక్కు గీతకార్మికుడైనను ఒకే దుంగనుండి రాదు. తల వేరు, మొండెము వేరు, కాలుసేతులు వేరుగా చెక్కి, చింతపిక్కల పొడిని రంపపు పొట్టుతో కలిపి నూరిన మక్కుతో అతుకుదురు. ఆ మక్కు జిగురునకు జిగురు, పూడికకు పూడిక. అతుకుల గుంటలు నిండి, ఎండి, ఆకురాయి పట్టిన పిమ్మట అతుకు జాడ కనబడదు. దానిపై సుద్దపూత, ఆ సుద్దపై మేకవెండ్రుకల కుంచెతో వన్నెలు. చూపరుల కంటికి వన్నె మాత్రమే అందును. శిల్పి దినములో అధికభాగము ఆ వన్నె క్రింద దాగిన పనికే పోవును. నేటి కారు మెకానికు షెడ్డులో పుట్టీ అని, ప్రైమరు అని పిలువబడు రెండు పూతలును చేయు కార్యమును కొండపల్లిలో మక్కును సుద్దయు చేయుచు వచ్చినవి. అందుచే ఈ రహదారిపై రంగుపనివారి వంశవృక్షమును గీయవలసివచ్చినచో, వేరు కొండపల్లిలో నున్నదనియే నా తలంపు. రక్తసంబంధము చూపలేకపోవచ్చును గాని విద్యాసంబంధము స్పష్టము.

ఇనుపరేకు వాహనములకు పూర్వము మన గ్రామసీమలలో బండి యనగా రెండెడ్ల బండియో, జట్కాయో. బండికి కందెన పెట్టుట కున్నంత శ్రద్ధ రంగు పెట్టుట కుండెడిది కాదు; సంక్రాంతికి ఎడ్ల కొమ్ములకు పూసిన రంగే బండికిని కొంత తగిలెడిది. ఇనుము విషయము వేరు. గాలియు నీరును సోకిన ఇనుము త్రుప్పు పట్టును. త్రుప్పుమీది రంగు త్రుప్పుతోడనే పొరలు పొరలుగా ఊడును. దీనికి పూర్వులు కనుగొనిన మందు అవిసెనూనెలో కలిపిన సీససిందూరము. గుళ్లలో ఆంజనేయునికి పూయు సిందూరమువంటి ఆ ఎఱ్ఱని పొడిని వంతెనల దూలములకును, ఓడల అడుగులకును, బండ్ల చట్రములకును మొదటి పూతగా దట్టించుచుండిరి. సీసము విషమను జ్ఞానము వైద్యులకు చిరకాలమునుండి యున్నను శాసనమునకు ఆలస్యముగా నెక్కినది: గృహములకు వాడు రంగులలో సీసము మిలియను పాళ్లకు 90 పాళ్లకు మించరాదను భారత ప్రభుత్వ నిబంధన 2016లో వెలువడి మరుసటి యేట అమలునకు వచ్చెను.

మోటారు కారు పుట్టిన తొలినాళ్లలో పాశ్చాత్యదేశములందు దానికి రంగు వేసినవారు గుఱ్ఱపుబగ్గీల రంగుపనివారే. నూనె వార్నీషును కుంచెతో పూయుట, ఆరువరకు వేచియుండుట, అరగదీయుట, మరల పూయుట. ఈ రీతిని ఒక్క బండికి వారములు గడచెడివి. హెన్రీ ఫోర్డు 1914 మొదలు 1925 వరకు తన మోడల్ టి బండిని నలుపు రంగునందు మాత్రమే అమ్మెను. ఆయన కర్మాగారమునుండి బండ్లు ఏరు పారినట్లు వచ్చుచుండ, వార్నీషు ఆరుటకై వారములు నిరీక్షించుట సాధ్యమగునా? ఈ చిక్కును విడదీసినది ప్రేలుడు పదార్థముల వ్యాపారమున ఆరితేరిన డ్యూపాంట్ సంస్థ. తుపాకిమందునకు పనికివచ్చు నైట్రోసెల్యులోజునే ద్రావకములలో కరగించి, గంటలలో ఆరిపోవు లక్కవంటి రంగును తయారుచేసి, డ్యూకో అను పేరుతో 1923లో విడుదల చేయగా, జనరల్ మోటార్సువారు 1924 నమూనా ఓక్లాండ్ కార్లకు దానిని నీలివన్నెలో వేసి లోకమునకు చూపిరి. నైట్రోసెల్యులోజు బెజవాడకు అంతకుముందే మరియొక రూపమున వచ్చియుండెను. 1921లో పోతిన శ్రీనివాసరావుగారు అచ్చట నెలకొల్పిన మారుతి సినిమాహాలులో తెరపై బొమ్మలాడించిన ఫిల్ము ఆ ద్రవ్యముతో చేసినదే! ఒకే పదార్థము యుద్ధమున తుపాకిమందుగా, నాటకశాలలో ఫిల్ముగా, వీథిలో బండి రంగుగా అవతారములెత్తినది.

త్వరగా ఆరు రంగునకు కుంచె పనికిరాదు. కుంచె రెండవమారు తిరుగులోపల మొదటి పట్టె ఆరి గీతలుపడును. కావున దానికి తోడుగా గాలితో చిమ్మెడి గన్ను ఆవశ్యకమయ్యెను. ఈ గన్ను జన్మవృత్తాంతము చమత్కారమైనది. అమెరికాలోని టొలీడో నగరమున డాక్టరు ఆలెన్ డివిల్బిస్ అను కంఠవైద్యుడు రోగుల గొంతులో మందు పిచికారి చేయుటకై 1888 ప్రాంతమున ఒక చిన్న పరికరమును నిర్మింపగా, ఆయన కుమారుడు థామస్ 1907లో దానినే పెంచి కొయ్యసామానునకు రంగు చిమ్ము గన్నుగా మార్చెను. గొంతు బాగుచేయుటకు పుట్టిన పనిముట్టు పిమ్మట ఎందరి గొంతులను పాడుచేసినదో ముందు ముందు చెప్పెదను.

మనదేశమున రంగుల పరిశ్రమ 1902లో హౌరా వద్ద షాలిమార్ కర్మాగారముతో ఆరంభమై, 1920లో బొంబాయియందు గహాగన్ పెయింట్సు, అనగా నేటి నెరోలాకుతో సాగి, రెండవ ప్రపంచయుద్ధకాలమున దిగుమతులు ఆగిపోగా 1942లో నలుగురు మిత్రులు స్థాపించిన ఏషియన్ పెయింట్సుతో స్వదేశీ రూపము దాల్చెను. రంగుడబ్బాలు సులభముగా దొరకిన వెనుక డ్యూకో పనితనము తెలుగునేలపై బండ్లను మించి వ్యాపించెను; నిర్మల్ కళాకారులు తమ బొమ్మలకును పలకలకును ఆ జాతి రంగులనే వాడసాగిరి. కారునకు కొయ్యబండి రంగు, కొయ్యబొమ్మకు కారురంగు!

ఈ ప్రాంతమున బండ్ల రంగుపనికి రాజధాని విజయవాడ. దక్షిణోత్తరములు కలుపు రైలుమార్గమును, తూర్పుపడమరల రహదారులును అచ్చట కూడుకొనుటచే లారీల వ్యాపారము వృద్ధినొంది, 1960ల నడుమ జవహర్ ఆటోనగరు వెలసి, దేశమందలి మిక్కిలి పెద్ద వాహన మరమ్మతు కేంద్రములలో నొకటిగా పేరొందెను. చట్రముమాత్రమే వచ్చిన లారీకి అచ్చట కొయ్యతోను రేకుతోను కాబిను, తొట్టి కట్టి, పిమ్మట దానిని రంగుపనివాని కప్పగించెదరు. వినాయకుడు, వేంకటేశ్వరుడు, యజమాని ఇంటిపేరు, బిడ్డల పేర్లు, వెనుకతట్టున హారన్ ప్లీజ్, దాని క్రింద నన్ను చూసి ఏడవకురా అను వాక్యము. ఇవి లేని లారీ మొలత్రాడు లేని బిడ్డయే. ఆ చిత్రకారుల గుండ్రని అక్షరములను గూర్చి విస్తరించి వ్రాయదగును గాని, కంప్యూటరుతో కోసిన స్టిక్కర్లు వచ్చి వారిలో పెక్కుమందిని ఈ పనినుండి తప్పించినవి. ఇది నాకు ఇష్టము కాని మార్పు.

బస్సుల కథ మరియొక తీరు. ప్రైవేటు యజమానుల కాలమున ఏ బస్సునకు ఆ బస్సే సొంత వన్నెతో నుండెడిది. దూరమునుండి రంగు చూచియే ఫలానివారి బస్సని గుర్తుపట్టెడివారు. 1958 జనవరి 11వ తేదీన ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ ఏర్పడి, కృష్ణా జిల్లా మార్గములను జాతీయము చేయ సంకల్పింపగా, యజమానులు సుప్రీంకోర్టు కెక్కిరి. గుళ్లపల్లి నాగేశ్వరరావు కేసను పేర నేటికిని న్యాయవిద్యార్థులు చదువు తీర్పు అదియే: అభ్యంతరములు వినిన అధికారి యొకరు, నిర్ణయము చేసిన ముఖ్యమంత్రి వేరొకరు అగుట చెల్లదని ధర్మాసనము మొదటి పథకమును కొట్టివేసెను. రెండవమారు ముఖ్యమంత్రియే స్వయముగా విని చేసిన నిర్ణయము నిలిచెను. పలువన్నెల బస్సులు మాయమై ఎఱ్ఱబస్సు వచ్చెను. ఎఱ్ఱబస్సెక్కి వచ్చినాడని పల్లెటూరివానిని ఎగతాళి చేయుట దానితోడనే మన భాషకు సంక్రమించినది.

ఇంతవరకు బంపరుతో రంగుపనివానికి సంబంధము లేకుండెను. హిందుస్థాన్ మోటార్సువారి అంబాసిడరు 1950ల చివరినుండి 2014 వరకు ఉత్తరపాడాలో తయారైనది. దాని బంపరు దళసరి ఉక్కు పట్టె, దానిపై క్రోమియము తళతళ. సొట్ట పడినచో సుత్తి, మెరుపు తగ్గినచో పాలీషు, మరీ పాడైనచో విద్యుత్తుతో లోహపుపూత వేయు పనివాడు. పెయింటరు మేస్త్రి దానికి కాగితము చుట్టి తన రంగు తగులకుండ కాపాడుటతోనే సరిపెట్టెడివాడు. దిష్టికి చెప్పు వ్రేలాడగట్టుటకును ఆ పట్టెయే అనువుగా నుండెను.

ఆ పట్టెను పడద్రోసినది రసాయనశాస్త్రము. ఇటలీ దేశస్థుడైన జూలియో నత్తా 1954లో పాలీప్రొపిలీన్ అను ప్లాస్టిక్కును గట్టి రూపమున సాధించి, ఆ జాతి పరిశోధనలకు 1963లో కార్ల్ జీగ్లరుతో కలిసి నోబెల్ బహుమానము పొందెను. అమెరికాలో 1968 పాంటియాక్ జి.టి.ఓ. కారు ముందుభాగమున వంగి మరల యథారూపము దాల్చు బంపరును, బండి రంగులోనే అమర్చిరి. ఫ్రాన్సులో 1972లో వచ్చిన రెనో 5 ప్లాస్టిక్ బంపర్లను సామాన్యుల చిన్నకారునకు తెచ్చెను. 1973 నమూనాలనుండి, గంటకు 5 మైళ్ల వేగమున ముందువైపు తగిలినను దీపములవంటి భాగములు చెడరాదని అమెరికా ప్రభుత్వము విధించుటతో కర్మాగారములవారు వంగెడి ద్రవ్యములకై మరింత వెదకిరి. మనదేశమున 1983 డిసెంబరు 14వ తేదీన మొదటి మారుతి 800 తాళముచెవి చేతులు మారినది మొదలు చిన్నకార్ల యుగము తెరచుకొని, 1998లో సాంత్రో, ఇండికాలవంటివి వీథి కెక్కిన పిమ్మట, బంపరునకును బండి రంగే యుండవలెనను వాడుక క్రమముగా స్థిరపడెను. ఆంధ్రదేశముననే శ్రీసిటీలో 2016లో ఇసుజు, పెనుకొండ చెంత ఎఱ్ఱమంచిలో 2019లో కియా కర్మాగారములు పని మొదలిడినవి. రంగువేసిన బంపరు అందమైనదే. అయితే గోడకు, స్తంభమునకు, పొరుగు ఆటోకు మొదట తగులవలసిన అంగమును పెండ్లికూతురివలె సింగారించుటలో వివేకమెంతయో నాకు బోధపడలేదు. నల్లని బంపరే యుండిన కాలమున గీత పడినను ఎవడును పట్టించుకొనెడివాడు కాడు.

రేకుపనిలో తలనెరసిన మేస్త్రీలను ఈ ప్లాస్టిక్కు మొదట కలవరపెట్టినది. పాలీప్రొపిలీన్ నీటిపై తేలునంత తేలిక, నూనెలకు చుట్టము, దానికి ఏదియు అంటుకొనదు. రేకునకు వేసినట్లే వేసిన రంగు తొలినాడు నిగనిగలాడి, కొన్ని నెలలకు బండి కడుగు నీటిధాటికి కాగితమువలె పొరగా లేచి వచ్చును. రేకుసొట్టలు పూడ్చు పుట్టీ దీనిమీద గట్టిపడి, బంపరు వంగినప్పుడు తాను వంగలేక పగిలి రాలును. కర్మాగారములలో ప్లాస్టిక్ పైతలమునకు క్షణకాలము జ్వాల సోకించి, రంగు పట్టుకొనునట్లు దాని స్వభావమును మార్చెదరు. షెడ్డులో దానికి బదులు, నీరువలె పలుచగా నుండి, ఇటు ప్లాస్టిక్కునకును అటు ప్రైమరునకును స్నేహము కుదుర్చు ప్లాస్టిక్ ప్రైమరు వాడుదురు. కొండపల్లి సుద్ద కంటికి తెల్లగా కనబడెడిది, సిందూరము ఎఱ్ఱగా కనబడెడిది. ఈ పూత చాలమట్టుకు కంటికే కనబడదు. కనబడని దానిని మానివేయుట కొత్తవానికి సహజము. ఈ పనిలో పెక్కు వైఫల్యములకు మూలమిదియే.

తిరువూరు యువకుడు తన బంపరును విప్పి వెనుకకు త్రిప్పి చూచినచో, పి.పి., ఇ.పి.డి.ఎం. అను అక్షరములు అచ్చుపోసి కనబడును; పాలీప్రొపిలీనులో రబ్బరు కలిపినారని వాని అర్థము. మొదట సబ్బునీటితో కడిగి, మైనమును నూనెను తీయు ద్రవముతో శుభ్రమైన గుడ్డతో తుడువవలెను. బండి నిగనిగకై పూసిన సిలికాన్ పాలీషు జాడ ఏమాత్రము మిగిలినను, రంగు చిన్నచిన్న గుంటలుగా విడిపోవును. కడిగిన పిమ్మట నీరు పలుచని తెరవలె పరచుకొనవలెను. బొట్లుబొట్లుగా ముడుచుకొన్నచో జిడ్డు పోలేదన్నమాట. పాతరంగు గట్టిగా అంటియున్న మేర ప్లాస్టిక్ ప్రైమరుతో పనిలేదు. వాటర్ పేపరుతో మెరుపు పోవునట్లు రుద్దిన చాలును. నల్లని ప్లాస్టిక్ బయటపడిన మేరనే అది ముఖ్యము. అచ్చట బలముగా పొడిగా రుద్దినచో వేడికి ప్లాస్టిక్ కరగి నూగు లేచును గనుక, నీరు పెట్టి తేలిక చేతితో 320నుండి 600 నంబరు కాగితము వరకు పోవుట మేలు. బీట యున్నచో దానిని వెనుకనుండి వేడి ఇనుముతో అతికి, వంగెడి జాతి పుట్టీనే పెట్టవలెను.

అటుపై ప్లాస్టిక్ ప్రైమరు పలుచగా ఒక పూత, డబ్బాపై చెప్పిన గడువులోనే దానిపై ప్రైమరు, అది ఆరిన పిమ్మట మరల నీటికాగితము, బండిపై వ్రాసియున్న రంగు సంకేతమును బట్టి యంత్రముతో కలిపించిన రంగు రెండు మూడు పలుచని పూతలు, చివరకు క్లియరు అను రంగులేని పూత. గన్నును 15నుండి 20 సెంటీమీటర్ల దూరమున పట్టి, చేయి కదలిన తరువాత మీట నొక్కి, చేయి ఆగుటకు ముందే మీట విడువవలెను. ప్రతి పట్టెయు ముందటి పట్టెను సగము కప్పవలెను. తొందరపడి ఒకేమారు దళసరిగా కొట్టినచో రంగు కారును. వెండి మెరుపుల రంగైనచో అందలి అల్యూమినియము పలుకులు మబ్బులు మబ్బులుగా పేరుకొనును.

ఈ ప్రాంతపు శీతోష్ణములు రంగుపనివానికి పరీక్షయే. మే నెల మధ్యాహ్నము గన్నునుండి వెలువడిన బొట్టు బంపరును చేరులోపలనే థిన్నరు ఆవిరియై, పైతలము నారింజతొక్క వలె గరుకెక్కును. శ్రావణపు ముసురులో నైట్రోసెల్యులోజు రంగు తేమను పీల్చి తెల్లబారును. అందుకే ఆ దినములలో మేస్త్రీలు నెమ్మదిగా ఆవిరియగు థిన్నరును వాడుదురు. నేల తడిపి దుమ్ము అణచి, ఎండ ముదురకముందే ఉదయము పని ముగించుకొనుట ఇచ్చటి పద్ధతి. రహదారి ప్రక్కనే షెడ్డు గలవారికి లారీలు లేపు ధూళి నిత్యశత్రువు.

చెప్పవలసినది ఒకటి మిగిలినది. నేటి క్లియరు గట్టిపడుటకై అందులో కలుపు హార్డెనరునందు ఐసోసయనేట్లను రసాయనములుండును. అవి గన్నునుండి సన్నని మంచుగా వెలువడి ఊపిరితిత్తులకు చేరి, ఒకమారు ఒంటికి పడనిచో జీవితాంతము విడువని ఉబ్బసమును తెచ్చిపెట్టగలవు. ముక్కునకు చుట్టుకొన్న రుమాలు వానిని ఆపదు; ధూళికి పెట్టుకొను ముసుగును ఆపదు; వెలుపలినుండి గొట్టముద్వారా స్వచ్ఛమైన గాలి నందించు ముసుగు కావలెను. కావున ఇంటివద్ద తొలిసారి పనికి పూనుకొనువారు హార్డెనరు కలపనక్కరలేని స్ప్రే డబ్బాలతో, ఆరుబయటి గాలిలో, తగిన ముసుగుతో తృప్తిపడుట మంచిది. మన్నిక కొంత తగ్గినను నష్టము లేదు. హార్డెనరు పని షెడ్డునకు ఇచ్చువారు బేరమాడుటకు ముందు, అచ్చట గన్ను పట్టు కుఱ్ఱవానికి అట్టి ముసుగున్నదా యని అడుగవలెను. లేనిచో దాని వెలలో కొంత మీ బిల్లులో కలుపుకొమ్మని మేస్త్రిగారితో చెప్పుడు.